కోలాటం జట్టుకు మీరే పెద్దా? అయితే ఈ మాటలు మీకే!

పొద్దు గూకే వేళ గుడి ముందర కోలలు తగిలిన చప్పుడు వినపడితే చేతిలో పని పక్కన పెట్టి వాకిట్లోకి వచ్చి తొంగి చూడని ఆడవాళ్ళు ఆదోని, ఎమ్మిగనూరు పక్క పల్లెల్లో తక్కువే. చెక్కభజన, కోలాటం మన సీమకు కొత్తవి కావు. ఇప్పుడు ఆడవాళ్ళు సొంతంగా జట్లు కట్టుకుని, ఒకే రంగు చీరలు కట్టుకుని, జాతరల్లోనూ ఊరేగింపుల్లోనూ ఆడుతున్నారు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు ఆడే కోలాటం జట్లను టీవీలో చూసి "మనమూ ఒకనాడు అక్కడ ఆడాల" అనుకోని జట్టు ఉంటుందా చెప్పండి!

అడుగులు నేర్చుకోవడం పెద్ద కష్టం కాదు. మంచి గురువు దొరికి, రోజూ ఒక గంట వదలకుండా ఆడితే రెండు మూడు నెలల్లో నాలుగైదు కోపులు వచ్చేస్తాయి. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. "ఆయమ్మ ఉంటే నేను రాను", "ఎప్పుడూ వాళ్ళే ముందరా?", "నన్ను అందరి ముందర తిట్టింది". ఇలాంటి చిన్న చిన్న మాటలే జట్టును విడదీస్తాయి. అప్పుడు పోయేది ఒక ఆట మాత్రమే కాదు. పొలం పని, వంట పని, పిల్లల పని కాకుండా ఆ ఆడవాళ్ళకు తమకంటూ రోజుకు మిగిలిన ఒక్క గంట కూడా పోతుంది. అందుకే జట్టుకు పెద్దగా నిలబడిన మీకు ఈ నాలుగు మాటలు.

ఎక్కడైనా నాయకురాలి పని ఒకటే

2008లో ఐపీఎల్ క్రికెట్ మొదలైనప్పుడు బౌండరీ పక్కన నిలబడి గంతులు వేస్తూ ఉత్సాహపరిచే అమ్మాయిలను మనం టీవీలో మొదటిసారి చూశాం. వాళ్ళను ఛీర్‌లీడర్లు అంటారు. "అదేం ఆటలే!" అని మూతి ముడిచినవాళ్ళే ఎక్కువ. కానీ ఆ విద్యకూ ఒక కథ ఉంది. 1898లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జానీ క్యాంప్‌బెల్ అనే విద్యార్థి జనం ముందు నిలబడి అందరిచేతా ఒకేసారి కేకలు వేయించడంతో అది మొదలైంది. అంటే మొదట్లో అది మగపిల్లల వ్యవహారమే! ఆడపిల్లలు 1920లలో అందులోకి వచ్చారు. క్రమంగా అది గెంతడం, ఎగరడం, ఒకరి మీద ఒకరు నిలబడటం దాకా పెరిగింది. 2021లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దాన్ని ఒక క్రీడగా పూర్తిగా గుర్తించింది.

అందులో ఒక అమ్మాయిని పైకి ఎత్తుతారు. కింద కొందరు ఆమె పాదాలను మోస్తారు. వెనక ఒకరు, ఆమె జారితే పట్టుకోవడానికే, కన్ను ఆర్పకుండా నిలబడతారు. చూసేవాళ్ళ కళ్ళన్నీ పైనున్న అమ్మాయి మీదే. కింద మోసేవాళ్ళ మీద నమ్మకం లేకపోతే ఆ అమ్మాయి పైకి ఎక్కగలదా? ఆ నమ్మకం కుదర్చడమే అక్కడ కెప్టెన్ చేసే మొదటి పని. (ఇది చదివి ఎవరినీ ఎత్తబోకండి! తగిన శిక్షణ, కింద మెత్తని పరుపులు లేకుండా చేస్తే మెడలు విరుగుతాయి.)

మన కోలాటంలో ఎత్తడాలు లేవు. కానీ కెప్టెన్ పని మాత్రం అదే.

కుదరడం అంటే ఏమిటి?

"జట్టు బాగా కుదిరింది" అంటుంటాం. అంటే అందరూ ప్రాణ స్నేహితులు అయిపోయారనా? కానే కాదు. పదహారు మంది ఆడవాళ్ళు ఉన్న జట్టులో అత్తాకోడళ్ళు ఉంటారు, తోడికోడళ్ళు ఉంటారు, చేని గట్టు కాడ తగాదా పడిన ఇళ్ళవాళ్ళు ఉంటారు. వాళ్ళందరినీ ఒకరి మెడ మీద ఒకరు చేతులు వేసుకునేలా చేయడం మీ వల్లా కాదు, నా వల్లా కాదు. ఆ అవసరమూ లేదు.

కోలను గట్టిగా కొడితే ఎదుటామె వేళ్ళు వాస్తాయి. మరీ మెల్లగా తగిలిస్తే చప్పుడు రాదు. ఎదుటి మనిషి చెయ్యి ఎంత దూరంలో ఉంది, ఆమె ఎంత వేగంగా వస్తోంది, ఎంత బలంగా తగిలిస్తోంది అనేది తెలుసుకుని మన చేతిని సర్దుకోవాలి. పదహారు మందికీ ఆ తెలివిడి వచ్చిన రోజున జట్టు కుదిరినట్టు లెక్క. మనసులు కలవకపోయినా ముందు చెవులు కలవాలి.

ఇది చేసి చూడండి. వారానికి ఒక రోజు పాట వద్దు, డప్పు వద్దు, అడుగులు కూడా వద్దు. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టండి. ఊరికే కోలలు కొట్టమనండి. మీరు లెక్క చెప్పకండి, ఈల వేయకండి. మొదట రాళ్ళవాన పడినట్టు చప్పుడు వస్తుంది. ఐదు నిమిషాలు ఓపిక పడితే మెల్లమెల్లగా ఒకరి దెబ్బ కోసం ఒకరు ఆగడం నేర్చుకుంటారు. పదహారు దెబ్బలు ఒకే దెబ్బలాగా వినపడిన క్షణంలో వాళ్ళ ముఖాలు చూడండి. మీరు చెప్పే పది నీతివాక్యాలు చేయలేని పని ఆ ఒక్క చప్పుడు చేస్తుంది.

ఉద్దిని కలిపేటప్పుడు

కోలాటంలో ఎవరికి ఎవరు జతో వాళ్ళను 'ఉద్ది' అంటారని మీకు తెలుసు కదూ! లోపలి వరుసలో ఒకరు, బయటి వరుసలో ఒకరు. అందుకే జట్టులో ఎప్పుడూ సరి సంఖ్యే ఉండాలి. ఈ ఉద్దిని కలపడంలోనే నాయకురాలి తెలివంతా ఉంది.

చాలామంది బాగా ఆడేవాళ్ళిద్దరిని ఒక జతగానూ, కొత్తవాళ్ళిద్దరిని ఒక జతగానూ నిలబెడతారు. చూడటానికి బాగుంటుందని. దానివల్ల కొత్తవాళ్ళు ఎప్పటికీ కొత్తవాళ్ళుగానే ఉండిపోతారు. బాగా వచ్చినామెకు కొత్తామెను ఉద్దిగా ఇవ్వండి. "ఈమె నీ పూచీ అక్కా" అని చెప్పండి. నేర్పే బాధ్యత మీద పడితే బాగా వచ్చినామెకు కూడా గర్వం తగ్గి ఓపిక పెరుగుతుంది.

ఎత్తులు కూడా చూసుకోవాలి. మరీ పొడుగు మనిషికి, మరీ పొట్టి మనిషికి జత కలిపితే కోలలు తగిలే చోటు కుదరదు. కొత్తలో అత్తాకోడళ్ళను ఎదురెదురుగా నిలబెట్టకండి. కోడలు కొట్టిన దెబ్బ గట్టిగా తగిలితే అది ఆటలో తగిలిందని ఎవరు నమ్ముతారు చెప్పండి! రెండు మూడు నెలలు పోయాక వాళ్ళే ఎదురెదురు పడి నవ్వుకుంటూ ఆడతారు.

ఇక "నేను ఆయమ్మతో ఆడను వదినా" అనే మాట తప్పకుండా వస్తుంది. వచ్చినప్పుడు "ఎందుకు ఆడవు? జట్టులో ఉండాలంటే ఆడాల్సిందే" అని గద్దించకండి. పాత తగాదా అంతా తవ్వి పంచాయతీ కూడా చేయకండి. "సరే వదినా, ఈ వారం వద్దులే. వచ్చే వారం ఒక్క కోపు ఆడి చూడు, చాలు" అనండి. ఒక్క కోపు ఆడినామె రెండో కోపుకు అంతగా మొండికేయదు. నెలకొకసారి ఉద్దిని మారుస్తూ ఉంటే ఏడాది తిరిగేసరికి అందరూ అందరితో ఆడినట్టవుతుంది. అప్పుడు ఏ ఒక్కరు రాకపోయినా జట్టు తడబడదు.

ముందు వరుస ఎవరిది?

గుండ్రంగా ఆడినంతసేపూ ఈ గొడవ లేదు. చుట్టులో ముందేది, వెనకేది? స్టేజీ ఎక్కినప్పుడు, ఊరేగింపులో వరుస కట్టినప్పుడు, ఫోటోలు తీసేటప్పుడు మొదలవుతుంది అసలు పేచీ. తెల్లగా ఉన్న అమ్మాయిలు, వయసులో ఉన్న పిల్లలు ముందుకు, నలభై దాటినవాళ్ళు వెనక్కి. ఎవరూ నోరు తెరిచి చెప్పరు గానీ అలాగే జరిగిపోతుంది. వెనక నిలబడినామెకు కళ్ళు లేవా? అన్నీ కనిపిస్తాయి. ఆ రాత్రి ఇంటికి పోయి "నాకు ఒళ్ళు బాగాలేదు, రేపట్నించి రాను" అంటుంది. ఆమె ఒళ్ళు బాగానే ఉంటుంది పాపం!

దీనికి ఒకటే మందు. ఒక నోటుపుస్తకంలో పేర్లు రాసుకోండి. ఈ జాతరకు ముందు ఎవరు నిలబడ్డారో, వచ్చే జాతరకు ఎవరు నిలబడతారో అందరికీ కనపడేలా రాయండి. ముందే తెలిసిన వరుస మీద అంత అలక ఉండదు. ఏదైనా కారణం వల్ల వరుస మార్చాల్సి వస్తే ఆ కారణం ఆట మొదలయ్యే ముందే, అందరి ముందే చెప్పండి. మీ చెల్లెలికో, మీ కోడలికో రెండుసార్లు ముందు చోటు వచ్చిందంటే ఇక మీ మాటకు విలువ ఉండదు, జాగ్రత్త!

ఎమ్మిగనూరు నేతగాళ్ళ ఊరు. మగ్గం మీద కూర్చున్నాయన మనకు కనపడతాడు. కానీ కండెలు చుట్టిన ఆడమనిషి చెయ్యి ఆగితే ఆ మగ్గం ఆడుతుందా? జట్టులో వెనక నిలబడి తాళం తప్పకుండా కొట్టేవాళ్ళూ అంతే. వాళ్ళ పేరు ఎత్తి నలుగురిలో మెచ్చుకోవడం మీ పని.

తప్పు దిద్దేటప్పుడు

జడ కోలాటం ఆడే జట్లకు ఈ సంగతి బాగా తెలుసు. పైన కట్టిన తాళ్ళను ఒక్కొక్కరు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేతిలో కోల పట్టుకుని, ఒకరి పక్కనుంచి ఒకరు దూరిపోతూ జడ అల్లుతారు. మళ్ళీ వచ్చిన దారినే వెనక్కి తిరిగి జడ విప్పుతారు. మధ్యలో ఒక్కరు లోపలికి పోవాల్సిన చోట బయటికి పోతే చాలు, జడ చిక్కుపడిపోతుంది. అప్పుడు ఆమె ఒక్కతే వెనక్కి వస్తే చిక్కు విడిపోతుందా? విడిపోదు. అందరూ ఆగాలి. అందరూ ఒక్కో అడుగు వెనక్కి రావాలి.

మామూలు ఆటలో తప్పు జరిగినప్పుడూ ఇదే పద్ధతి పెట్టుకోండి. ఈల వేసి ఆపండి. "ఫలానా ఆమె తప్పు చేసింది" అనకండి. "మూడో అడుగు కాడ చెదిరినాం, మళ్ళీ ఆ అడుగు నుంచి పోదాం" అనండి. తప్పు చేసినామెకు తన తప్పు తెలుసు. నలుగురిలో వేలెత్తి చూపితే మరునాడు భయంతో ఇంకో రెండు తప్పులు చేస్తుంది. మళ్ళీ మళ్ళీ అదే తప్పు వస్తుంటే ఆట అయిపోయాక పక్కకు పిలిచి, మీరూ కోలలు పట్టుకుని, ఆమెకు ఉద్దిగా నిలబడి పది నిమిషాలు ఆడించండి.

జనం ముందు ఆడుతున్నప్పుడు మాత్రం దిద్దకూడదు. అప్పుడు తప్పు వచ్చినా మీరు నవ్వుతూ ముందుకు పోవాలి. జట్టు అంతా మీ ముఖమే చూస్తూ ఉంటుంది. మీ కనుబొమ్మ ముడిపడితే పదహారు జతల కాళ్ళు తడబడతాయి.

సుగ్గికి పోయినోళ్ళ చోటు

ఇప్పుడు మన ప్రాంతంలో అన్నిటికంటే పెద్ద చిక్కు గురించి చెప్పుకుందాం. పట్టణాల్లో జట్లకు ఈ బాధ తక్కువ. మన కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం పక్కన ఊళ్ళకు ఊళ్ళు సుగ్గికి పోతాయి. వానలు సరిగా రాని ఏడు చేతికి పంట రాదు. సంక్రాంతి అటూ ఇటూ అయ్యేసరికి గుంటూరు వైపు మిరపకాయ కోతలకు మూటా ముల్లె సర్దుకుని, పిల్లలతో సహా బండెక్కుతారు. మళ్ళీ ఇల్లు చేరేది రెండు మూడు నెలల తర్వాతే.

సరిగ్గా అదే రోజుల్లో, జనవరిలో, ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర వస్తుంది. అనుకుందాం, మీ జట్టులో పదహారు మంది. వాళ్ళలో నలుగురు సుగ్గికి పోయారు. మీరేం చేస్తారు?

చాలామంది చేసేది ఒకటే. కొత్తవాళ్ళను నలుగురిని చేర్చుకుని పాతవాళ్ళ చీరలు వాళ్ళకు ఇచ్చేస్తారు. ఆట గడిచిపోతుంది. ఉగాది నాటికి సుగ్గి నుంచి తిరిగి వచ్చినామె గుడి కాడికి వచ్చి చూస్తే తన చోట ఇంకొకరు, తన చీరలో ఇంకొకరు. ఎండలో మిరపకాయలు కోసి, చేతులు మంటపుట్టి, ఇంటికొచ్చిన మనిషికి ఆ దృశ్యం ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆమె మాట్లాడకుండా వెనక్కి తిరిగి పోతుంది. మళ్ళీ రాదు. ఆమె రాకపోతే ఆమె కూతురూ రాదు.

మరి ఏం చేయాలి? మొదటిది, దసరా అప్పుడే అడిగి తెలుసుకోండి. "ఈ ఏడు ఎవరెవరు సుగ్గికి పోతారమ్మా?" అని. దాచాల్సిన పని కాదు, సిగ్గుపడాల్సిన పని అంతకన్నా కాదు. రెండోది, పన్నెండు మందితో ఆడే కోపులు రెండు ముందే నేర్పి పెట్టుకోండి. సరి సంఖ్యే కాబట్టి ఆట చెడదు. మూడోది, కొత్తవాళ్ళను చేర్చుకున్నా "మీరు ఈ జాతరకు వాళ్ళ బదులు ఆడుతున్నారు, వాళ్ళు వచ్చినాక జట్టు ఇరవై అవుతుంది" అని మొదటిరోజే చెప్పండి. నాలుగోది, పోయినవాళ్ళ చీరలు, కోలలు మూటకట్టి పేరు రాసి దాచండి. ఆ మూట చూస్తే తిరిగి వచ్చినామెకు మీరు ఇంకేమీ చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఫోను ఉంది. జాతరలో ఆడిన ఆటను పట్టి వాళ్ళకు పంపండి. "మీరు లేక లోటుగా ఉండింది వదినా" అని ఒక్క మాట చెప్పండి. మిరప చేలో పగలంతా వంగి పని చేసినామె రాత్రి పూట ఆ బొమ్మలు చూసి అడుగులు గుర్తు చేసుకుంటుంది.

ప్రపంచం మెచ్చిన జట్టు కూడా ఇదే చేసింది సుమండీ! 2025 నవంబరు 2న నవీ ముంబయిలో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి మొదటిసారి వన్డే ప్రపంచ కప్పు గెలిచారు. మన కడప జిల్లా పల్లె నుంచి వచ్చిన శ్రీచరణి ఆ జట్టులో ఉన్న సంగతి మీకు తెలిసిందే. అంతవరకు ఓపెనర్‌గా బాగా ఆడిన ప్రతీకా రావల్ కాలికి దెబ్బ తగిలి చివరి ఆటలకు దూరమైంది. గెలిచిన రాత్రి ఆమెను చక్రాల కుర్చీలో మైదానంలోకి తీసుకువచ్చి సంబరంలో కలుపుకున్నారు. కెప్టెన్ హర్మన్‌ప్రీత్, ఆమె జట్టు అంతటితో ఆగలేదు. తమకంటే ముందు ఎన్నో ఏళ్ళు ఆడి కప్పు అందుకోలేకపోయిన మిథాలీ రాజ్, ఝులన్ గోస్వామి వంటి వాళ్ళ చేతుల్లో కూడా ఆ కప్పు పెట్టారు. ఆ రోజు ఆడినవాళ్ళు పదకొండు మందే. జట్టు మాత్రం అంతకంటే పెద్దది.

ఇంట్లోవాళ్ళ మాట

ఆడవాళ్ళ జట్టు అంటే పదహారు మంది కాదు, పదహారు ఇళ్ళు. ఇంట్లో ఒక్కరు "వద్దు" అంటే ఒక ఉద్ది విరిగిపోతుంది. కాబట్టి కొత్తామెను చేర్చుకునే ముందు వాళ్ళింటికి ఒకసారి వెళ్ళి రండి. ఆ ఇంటి అత్తగారితోనో, అవ్వతోనో కూర్చుని మాట్లాడండి. ఎన్ని గంటలకు మొదలు, ఎన్ని గంటలకు ముగింపు, ఎవరు తోడు వస్తారు, పక్క ఊరికి పోతే ఏ బండిలో పోతాం, రాత్రి ఎన్ని గంటలకు దించుతాం. ఇవన్నీ అడగకముందే చెప్పండి.

చెప్పిన గంట దాటనీయకండి. "ఎనిమిదికల్లా పంపిస్తాం అత్తా" అని మాటిచ్చి తొమ్మిదిదాకా ఆడిస్తే తిట్లు తినేది మీరు కాదు, ఆ కోడలు పిల్ల. పత్తి ఏరే రోజుల్లో, కలుపు తీసే రోజుల్లో ఒంట్లో సత్తువ ఉండదు. అప్పుడు గంట ఆటను అరగంట చేయండి. పరీక్షల రోజుల్లో చదువుకునే పిల్లలకు సెలవు ఇచ్చేయండి. "రేపు రాలేనక్కా, పత్తి ఏరేదానికి పోవాల" అని ముందుగా చెప్పినామెను మెచ్చుకోండి. చెప్పకుండా మానేసినామెను మాత్రం మరునాడు ఇంటికి వెళ్ళి "ఏమ్మా, బాగుండావా?" అని అడగండి. జ్వరమో, ఇంట్లో గొడవో, ఏదో ఒకటి ఉంటుంది.

డబ్బు, చీర, తిండి

జట్టుకు కొంచెం పేరు వచ్చాక జాతర వాళ్ళు ఖర్చులకు ఎంతో కొంత ఇస్తారు. బండి బాడుగ, డప్పు వాయించే వాళ్ళకు ఇచ్చేది పోగా మిగిలింది ఎంత, అది ఎవరి దగ్గర ఉంది? ఈ లెక్క నోటిమాటగా ఉంటే ఎంతటి మంచిమనిషి మీదనైనా అనుమానం పుడుతుంది. మనకు పొదుపు సంఘాల పుస్తకాలు అలవాటే కదా! అదే పద్ధతి. ఒకామె రాయాలి, ఇంకొకామె దగ్గర డబ్బు ఉండాలి, నెలకొకసారి అందరి ముందూ చదవాలి. మీరు నాయకురాలు కాబట్టి డబ్బు మీ దగ్గర లేకపోతేనే మీకు మంచిది.

ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టారు. ఎవరి ఇంట్లో వాళ్ళు, ఎవరి మగ్గం మీద వాళ్ళు నేసుకునే వాళ్ళు ఒక సంఘంగా కలవాలంటే ఒకరినొకరు నమ్మాలి. ఆ నమ్మకానికి లెక్కల పుస్తకమే ఆధారం. పదహారు మంది జట్టుకైనా అంతే.

చీరల విషయంలో అందరికీ అందుబాటులో ఉండేదే ఎంచుకోండి. కూలికి పోయే ఇంటి ఆమె ఎంత పెట్టగలదో దాన్నే అందరికీ ధర చేయండి. "నేను ఎక్కువది కొంటాలే" అనే ఆమెను సున్నితంగా ఆపండి. దూరం నుంచి చూసేవాళ్ళకు పట్టు, నూలు తేడా తెలియదు. రంగు కలిస్తే చాలు.

ఇక తిండి. ఎవరిది ఏ వీధి, ఏ కులం అనే మాట జట్టులో బయటికి రాకపోయినా నీళ్ళ చెంబు కాడ బయటపడుతుంది. అందరికీ ఒకే బిందె, ఒకే వరస అని మొదటిరోజే పెట్టేయండి. వారానికొకసారి ఆట అయ్యాక అందరూ కలిసి ఉగ్గాని చేసుకుని గుండ్రంగా కూర్చుని తినండి. ఒకరు ఉల్లిగడ్డలు కోస్తే, ఒకరు బొరుగులు పిండితే, ఒకరు తాలింపు పెడితే, ఆ అరగంటలో తీరే అలకలు ఎన్నో! ఆ రోజు వడ్డించే వంతు మీరు తీసుకుని చివర్లో తినండి.

చివరగా మీ సంగతి

జట్టులో అందరికంటే బాగా ఆడేది మీరే కావచ్చు. కానీ మీరు ఎంత బాగా ఆడతారన్నది ఎవరికీ గుర్తుండదు. మీరు ఒక రోజు రాకపోతే జట్టు ఆడిందా లేదా అన్నదే లెక్క. అందుకని ఈల ఎప్పుడూ మీ నోట్లోనే పెట్టుకోకండి. వారానికొక రోజు వేరొకరికి ఇచ్చి, ఆ రోజు మీరు చుట్టులోకి వెళ్ళి ఎవరికో ఒకరికి ఉద్దిగా ఆడండి. లోపల నిలబడితేనే తెలుస్తుంది, ఏ అడుగు దగ్గర పాట వేగం ఎక్కువైందో, ఎవరి మోకాలు నొప్పి పెడుతోందో. మిమ్మల్ని కూడా ఎవరైనా దిద్దితే "అవునమ్మా, చూసుకోలేదు" అని ఒప్పుకోండి. మీరు ఒప్పుకున్న రోజు నుంచి మిగతావాళ్ళకు తమ తప్పు ఒప్పుకోవడం సులువు అవుతుంది.

కొన్ని చిన్న జాగ్రత్తలు కూడా చెప్పుకుందాం. ఆటకు ముందు ఐదు నిమిషాలు చీలమండలు, మణికట్టులు తిప్పించండి. నేల మీద రాళ్ళు, ముళ్ళు లేకుండా ఊడ్పించండి. బీటలు వారిన కోలలు పక్కన పెట్టించండి, పేడు లేచి చేతిలో దిగుతుంది. కుచ్చిళ్ళు కాలికి అడ్డం పడకుండా చీర కొంచెం పైకి కట్టుకోమనండి. కడుపుతో ఉన్నవాళ్ళకు తాళం కొట్టే పని ఇవ్వండి. వాళ్ళూ జట్టులోనే ఉంటారు, ఒంటికీ శ్రమ ఉండదు.

పదహారు మందికి ఉగ్గాని

కావలసినవి: బొరుగులు 1 కిలో, ఉల్లిగడ్డలు అర కిలో, పచ్చిమిరపకాయలు 100 గ్రాములు, పుట్నాల పప్పు 150 గ్రాములు, నూనె 200 గ్రాములు, పసుపు 2 చెంచాలు, నిమ్మకాయలు 4, ఆవాలు, జీలకర్ర, శనగపప్పు, మినపప్పు, కరివేపాకు, కొత్తిమీర, ఉప్పు తగినంత.

చేసే విధానం: పుట్నాల పప్పును మెత్తగా పొడి కొట్టి పెట్టుకోవాలి. పచ్చిమిరపకాయలు కచ్చాపచ్చాగా నూరుకోవాలి. బొరుగులను నీళ్ళలో వేసి, మెత్తబడగానే గట్టిగా పిండి తీసేయాలి. ఎక్కువసేపు నానితే ముద్ద అయిపోతాయి. వెడల్పాటి గిన్నెలో నూనె కాగాక తాలింపు గింజలు, కరివేపాకు వేసి, ఉల్లిగడ్డ ముక్కలు మెత్తబడేదాకా వేయించాలి. మిరపకాయ ముద్ద, పసుపు, ఉప్పు వేసి పచ్చివాసన పోయాక పిండిన బొరుగులు వేసి కలపాలి. దించేముందు పుట్నాల పొడి, కొత్తిమీర చల్లి, దించినాక నిమ్మరసం పిండాలి. వేడివేడిగా మిరపకాయ బజ్జీలతో తింటే ఆ రుచే వేరు!

ఈ ఏడు మీ జట్టు ఉరుకుందలో ఆడినా, మంత్రాలయంలో ఆడినా, మీ ఊరి రాములవారి గుడి ముందరే ఆడినా, ఆట మొదలయ్యే ముందు ఒకసారి చుట్టూ చూసుకోండి. ఎవరి ఉద్ది వాళ్ళకు ఉందా? రాలేకపోయిన వాళ్ళ చోటు గుర్తుందా? ఉంటే ఇక ఈల వేయండి. దసరా ఇంకా రాకపోతే, సుగ్గికి పోయేవాళ్ళ పేర్లు రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం ఈ రోజే కొనిపెట్టుకోండి.